సర్వర్ నెమ్మదించింది: తప్పు డిస్కుదేనా?

సూరత్ నుంచి నవసారి వెళ్లే దారిలో భెస్తాన్ దాటాక, సచిన్ రాకముందు ఉన్ అనే ఊరు వస్తుంది. ఒకవైపు పాండేసరా జీఐడీసీ పారిశ్రామికవాడ, మరోవైపు సచిన్ జీఐడీసీ. చుట్టూ మగ్గాలు, ప్రింటింగ్ మిల్లులు, ఎంబ్రాయిడరీ యూనిట్లు, వాటిని అంటిపెట్టుకుని చిన్న చిన్న ఆఫీసులు. ఇలాంటి ఆఫీసులో నలుగురైదుగురు డిజైనర్లు, ఒక అకౌంటెంటు, మూలన ఒక పాత కంప్యూటర్ ఉంటాయి. ఆ పాత కంప్యూటరే ఫైల్ సర్వర్. చీరల డిజైన్లు, డిజిటల్ ప్రింటుకు పంపే పెద్ద టిఫ్ ఫైళ్లు, టాలీ డేటా, పార్టీల బిల్లులు అన్నీ అందులోనే. ఒకరోజు అది మొరాయిస్తుంది. ఫోల్డర్ తెరుచుకోవడానికి నిమిషం పడుతుంది. టాలీలో వోచర్ సేవ్ చేస్తే స్క్రీన్ బిగుసుకుపోతుంది. "హార్డ్‌డిస్క్ పోయింది, కొత్తది వేయించండి" అనే మాట ఆ సాయంత్రానికే వచ్చేస్తుంది.

ఆ మాట ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ కొలిచి చెప్పిన మాట కాదు. కొత్త డిస్కు కొన్నాక కూడా సర్వర్ అలాగే ఈడ్చుకుంటూ ఉంటే డబ్బు పోయింది, రెండు రోజుల పని పోయింది, రోగం మాత్రం అక్కడే ఉంది.

సూరత్ మగ్గాల దగ్గర తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతూ వచ్చింది. ఆ కుటుంబాల్లో ఇప్పుడు డిజైనింగ్ స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లున్నారు, లెక్కలు రాసేవాళ్లున్నారు. సర్వర్ ఆగితే ముందుగా "నువ్వు కాస్త చూడు" అని పిలిచేది వాళ్లనే. ఈ సమీక్ష ముఖ్యంగా వాళ్ల కోసం.

హార్డ్‌డిస్కు ఎందుకు నెమ్మదిగా ఉంటుందో తెలియాలంటే దాని పుట్టుక దగ్గరికి వెళ్లాలి. 1956లో ఐబీఎం తెచ్చిన రమాక్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు దాచేవి. కావలసిన చోటికి చదివే, రాసే హెడ్ చేరడానికి దాదాపు 600 మిల్లీసెకన్లు పట్టేది. ఇవాళ 20 టీబీ డిస్కు అరచేతిలో ఇముడుతుంది. దాచుకునే శక్తి లక్షల రెట్లు పెరిగింది. కానీ తిరిగే పళ్లెం, కదిలే చేయి అన్న ఏర్పాటు మారలేదు, చోటు వెతికే వేగం 50 రెట్లు మాత్రమే మెరుగైంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు కావాలి. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం పడుతుంది. హెడ్ ఆ ట్రాకు మీదికి జరగడానికి మరో 8 లేదా 9. మొత్తం 12, 13 మిల్లీసెకన్లు. అంటే ఆరోగ్యంగా ఉన్న డిస్కు కూడా సెకనులో సగటున 80 చోట్లకు మించి వెళ్లలేదు.

మొత్తం వ్యవహారం ఈ 80 దగ్గరే ఉంది. ఒకే పెద్ద ఫైలును వరసగా చదివితే ఆ డిస్కు సెకనుకు 150 ఎంబీ పైనే ఇస్తుంది. అక్కడక్కడా చెదిరి ఉన్న 4 కేబీ ముక్కలు చదవమంటే సెకనుకు 320 కేబీ దాటదు. 5000 చిన్న ఎంబ్రాయిడరీ ఫైళ్లున్న ఫోల్డర్‌ను సూక్ష్మచిత్రాలతో తెరిచామంటే ఫైలుకు ఒక్కసారి కదిలినా నిమిషం దాటుతుంది. ఆ సమయంలోనే అకౌంటెంటు టాలీలో రిపోర్టు తీస్తే హెడ్ ఇద్దరి మధ్యా పరుగులు పెట్టాలి. డిస్కు పాడవలేదు. దాని స్వభావానికి పడని పని పెట్టాం.

కాబట్టి మొదటి పరీక్ష స్క్రూడ్రైవర్‌తో కాదు, సర్వర్ ముందు కూర్చుని టాస్క్ మేనేజర్ తెరవడంతో మొదలవ్వాలి. అందులో డిస్క్ దగ్గర 100 శాతం కనిపించగానే కంగారుపడేవాళ్లు చాలామంది. ఆ శాతం డిస్కు ఎంతసేపు పనిలో ఉందో చెబుతుంది, ఎంత పని చేసిందో చెప్పదు. దాని పక్కనే ఉన్న వేగాన్నీ స్పందన సమయాన్నీ కలిపి చదవాలి. 100 శాతం ఉండి సెకనుకు 150 ఎంబీ నడుస్తుంటే డిస్కు ఆరోగ్యంగా ఉంది, ఎవరో పెద్ద పని పెట్టారు. 100 శాతం ఉండి వేగం ఒక ఎంబీ దగ్గరే ఉండి, స్పందన వందల మిల్లీసెకన్లకు పోతే ముందుగా రెండు అనుమానాలు: చిన్న ముక్కల పని ఎక్కువైంది, లేదా డిస్కు జబ్బుపడింది. డిస్కు 5 శాతం దగ్గర తీరిగ్గా ఉంటే, అవతల డిజైనర్లు మాత్రం ఎదురుచూస్తుంటే నేరం డిస్కుది కానే కాదు. రిసోర్స్ మానిటర్‌లో ఏ ప్రోగ్రాము ఏ ఫైలును చదువుతోందో పేరుతో సహా కనిపిస్తుంది. లైనక్స్ సర్వర్ అయితే డిస్కు పనిలో ఉన్న శాతం, వేగం, స్పందన ఐఓస్టాట్ చెబుతుంది. సగటు స్పందన 20, 25 మిల్లీసెకన్ల లోపు ఉన్నంతవరకు డిస్కును తప్పుపట్టనక్కర్లేదన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే లెక్క.

డిస్కు తీరిగ్గా ఉంటే తర్వాత చూడాల్సింది తీగ. చిన్న ఆఫీసుల్లో అందరూ మరిచిపోయే సంగతి ఇదే. గిగాబిట్ నెట్‌వర్క్ నడవాలంటే కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. క్రింపింగ్ సరిగ్గా కుదరక, ఎలుక కొరికి, లేదా బల్ల కాలు కింద నలిగి ఒక జత పోయిందంటే చాలాసార్లు లింకు తెగిపోదు, ఎవరికీ చెప్పకుండా 100కు దిగిపోతుంది. 500 ఎంబీ టిఫ్ ఫైలు గిగాబిట్ మీద 5 సెకన్లలో వచ్చేది, 100 మీద 45 సెకన్లు తీసుకుంటుంది. డిజైనర్‌కు కనిపించేది "సర్వర్ స్లో" మాత్రమే. నెట్‌వర్క్ స్టేటస్‌లో లింకు వేగం చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. డిస్కును సర్వర్ మీదే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో, తీగను ఐపెర్ఫ్3తో విడివిడిగా కొలవాలి. రెండూ కలిపి ఒక కాపీతో కొలిస్తే ఎవరిది తప్పో ఎప్పటికీ తేలదు. ఒక్కరికే నెమ్మదిగా ఉంటే వాళ్ల కేబుల్, వాళ్ల కంప్యూటర్. అందరికీ ఒకేసారి నెమ్మదిస్తే సర్వర్ లేదా స్విచ్.

తర్వాత సాఫ్ట్‌వేర్. యాంటీవైరస్ మధ్యాహ్నం భోజనాల వేళ పూర్తి స్కాన్ మొదలుపెట్టి నాలుగింటి దాకా నడిస్తే, రోజూ అదే సమయంలో సర్వర్ నెమ్మదిస్తుంది. గడియారం చూసి పట్టుకోగల జబ్బు ఇది. నెలనెలా వేసే జీఎస్టీఆర్-1 గడువు 11, జీఎస్టీఆర్-3బీ గడువు 20. ఆ తేదీల ముందు రోజుల్లోనే సర్వర్ ఏడుస్తుంటే కారణం టాలీ మీద పెరిగిన ఒత్తిడే. షేర్ ఫోల్డర్‌లో పెట్టిన టాలీ డేటాను ప్రతి కంప్యూటరూ నెట్‌వర్క్ మీదుగా చిన్న చిన్న ముక్కలుగా చదువుతుంది. పాత సంవత్సరాల డేటాను విడదీసి, నడుస్తున్న సంవత్సరం డేటాను మాత్రమే వేగమైన డిస్కు మీద ఉంచడం దీనికి మంచి వైద్యం. పాత ఎక్స్‌పీ మెషీన్ కోసం ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిని తెరిచి ఉంచిన ఆఫీసులు ఇంకా ఉంటే వెంటనే మూసేయాలి. అది నెమ్మది మాత్రమే కాదు, 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ దారినే. మామూలు విండోస్ 10, 11 ప్రోను సర్వర్‌గా వాడేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి: ఒకేసారి 20కి మించి కనెక్షన్లకు అది ఒప్పుకోదు. ఇంకొక ప్రమాద సూచన ఉంది. ఎవరూ పనిచేయని వేళ డిస్కు ఆగకుండా తిరుగుతూ, ఫైళ్ల పేర్ల చివర కొత్త అక్షరాలు కనిపిస్తుంటే అది వేగం సమస్య కాదు, ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ కావచ్చు. వెంటనే నెట్‌వర్క్ తీగ పీకేయాలి.

ఇక డిస్కు నిజంగా జబ్బుపడిన సందర్భం. పాడైన సెక్టారును చదవలేక డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఆ ఒక్క సెక్టారు కోసం పదుల సెకన్లు తంటాలు పడుతుంది, ఈలోగా మొత్తం ఆఫీసు నిలిచిపోతుంది. న్యాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే ఫైల్ పెట్టె) కోసం చేసిన డిస్కులు దాదాపు 7 సెకన్లలో చేతులెత్తేసి తప్పును పైకి చెబుతాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో లేదా స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు తన గురించి రాసుకునే స్మార్ట్ చిట్టా చూడొచ్చు. అందులో 5వ వరస పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క, 197 అనుమానంలో ఉన్నవాటి లెక్క, 198 ఇక చదవలేనివాటి లెక్క. ఈ మూడింట్లో అంకె పెరుగుతూ పోతుంటే డిస్కు రోజులు దగ్గరపడ్డాయి. 199 వేరు. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య కేబుల్‌లో వచ్చే తప్పుల లెక్క. చవకైన సాటా కేబుల్ మార్చినందుకే మంచి డిస్కులు బతికిపోయిన సందర్భాలున్నాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 7 కనిపిస్తే చెడిన బ్లాకు, 153 కనిపిస్తే పని మళ్లీ చేయాల్సి వచ్చింది, 129 కనిపిస్తే డిస్కు పలకక రీసెట్ చేయాల్సి వచ్చింది. ఈ మూడూ వరసగా వస్తుంటే టాస్క్ మేనేజర్ చూస్తూ కూర్చోవద్దు.

స్మార్ట్ చిట్టా శుభ్రంగా ఉందంటే నిశ్చింతగా ఉండొచ్చా? ఉండకూడదనే నా అభిప్రాయం. లక్షకు పైగా డిస్కులను గమనించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. చిట్టాలో చెడు కనిపిస్తే నమ్మాలి, మంచి కనిపిస్తే బ్యాకప్ చూసుకోవాలి. అనుమానం వచ్చిన డిస్కు మీద ముందుగా చెక్‌డిస్క్ నడపడం, డీఫ్రాగ్ చేయడం చాలామంది చేసే పని. నా దృష్టిలో ఇంతకంటే హాని మరొకటి లేదు. కొనఊపిరితో ఉన్న డిస్కును మొదటి నుంచి చివరిదాకా పరుగెత్తించడమే అది. ముందు డేటా కాపీ, ఆ తర్వాతే ఏ మరమ్మతైనా.

డిస్కు కొత్తదైనా నెమ్మదించే కారణం ఒకటుంది, దాన్ని కొనుగోలుదారుల నుంచి దాచిన చరిత్ర కూడా ఉంది. ఎస్ఎంఆర్ పద్ధతిలో ట్రాకులను ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తారు. తక్కువ చోటులో ఎక్కువ డేటా పడుతుంది. కానీ మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే దాని మీదికి ఎక్కిన పక్క ట్రాకులన్నీ తిరగరాయాలి. అందుకని కొత్తగా వచ్చిన డేటాను డిస్కు ముందు ఒక చిన్న వేగమైన భాగంలో దాచి, తీరిక దొరికినప్పుడు అసలు చోటికి మారుస్తుంది. ఆ భాగం నిండేవరకు వేగం, నిండగానే సెకనుకు కొద్ది ఎంబీలు. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ డిస్కుల్లో కొన్నింటికి ఈ పద్ధతి వాడినట్టు ఒప్పుకుంది. అవి న్యాస్ కోసమని అమ్మినవి. సీగేట్, తోషిబా కూడా కొన్ని మోడళ్లలో ఈ పద్ధతి వాడినట్టు అప్పుడే బయటపడింది. ఆ గొడవ తర్వాతే పాత పద్ధతి డిస్కులకు రెడ్ ప్లస్ అన్న పేరు వచ్చింది. మొదటి కొన్ని పదుల జీబీలు వేగంగా ఎక్కి, తర్వాత పడిపోయి, రాత్రంతా వదిలేస్తే పొద్దున్నే మళ్లీ బాగున్న డిస్కును చూస్తే ఎస్ఎంఆర్‌ను అనుమానించాలి. పాత డిజైన్లు దాచుకోవడానికి అది చాలు, రోజంతా రాతలు పడే సర్వర్‌కు పనికిరాదు.

ఇక సూరత్ లాంటి చోటుకే ప్రత్యేకంగా వర్తించే కారణానికి వద్దాం. పుస్తకాల్లో ఇది ఒక వాక్యం. మగ్గాల పక్కన మాత్రం ఇది ముందు వరసలో ఉండాలి. అది అదురు.

డిస్కు పళ్లెం మీద అంగుళానికి లక్షల ట్రాకులుంటాయి. హెడ్ ఆ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతూ ట్రాకు మీద నిలబడాలి. బయటి నుంచి వచ్చే అదురు హెడ్‌ను ట్రాకు నుంచి కాస్త తప్పిస్తే చదవడం కుదరదు, మరో పూర్తి చుట్టు ఆగాలి. రాయడంలో నియమం ఇంకా కఠినం. పక్క ట్రాకు చెడకూడదు కాబట్టి కొంచెం తప్పినా డిస్కు రాయడం ఆపేస్తుంది. ప్రతి తప్పుకు 8.33 మిల్లీసెకన్లు. స్మార్ట్ చిట్టాలో ఏ జబ్బూ కనిపించదు, వేగం మాత్రం పడిపోతుంది.

ఇది ఊహ కాదు. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రెండన్ గ్రెగ్ డిస్కుల పెట్టె ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ క్షణంలోనే స్పందన సమయం ఎగబాకడం వీడియోలో చూపించాడు. 2016 సెప్టెంబర్‌లో బుకారెస్ట్‌లోని ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే వ్యవస్థను పరీక్షించినప్పుడు గ్యాస్ విడుదలైన చప్పుడుకే హార్డ్‌డిస్కులు దెబ్బతిన్నాయి, బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. జానెట్ జాక్సన్ పాడిన 'రిథమ్ నేషన్' మోగితే ఒక కాలపు ల్యాప్‌టాప్‌ల 5400 చుట్ల డిస్కులు ఆగిపోయేవని మైక్రోసాఫ్ట్‌కు చెందిన రేమండ్ చెన్ 2022లో రాశాడు. ఆ పాటలోని ఒక స్వరం డిస్కు సహజ కంపనంతో కలిసిపోయేదట. ఒక అరుపుకు, ఒక పాటకు ఇంత జరిగితే రోజంతా నాడె కొట్టుకునే మగ్గాల వరస పక్కన, అదే గోడకు బిగించిన ఇనుప అరలో పెట్టిన డిస్కు గతేమిటో ఆలోచించండి.

దీన్ని తేల్చే పరీక్షకు ఖర్చేమీ లేదు. మగ్గాలు నడుస్తున్నప్పుడు ఒకసారి, కరెంటు పోయి లేదా సెలవుకు అవి ఆగినప్పుడు ఒకసారి, ఎవరూ సర్వర్ వాడని సమయం చూసుకుని అదే డిస్కు మీద అదే పరీక్ష నడపాలి. ముఖ్యంగా రాసే వేగం చూడాలి. తేడా ప్రతిసారీ అదే దిశలో వస్తే కారణం దొరికినట్టే. మందు విషయంలో మాత్రం భిన్నాభిప్రాయాలున్నాయి. డిస్కును రబ్బరు మీద వదులుగా వేలాడదీయమనేవాళ్లున్నారు. వదులుగా ఉన్న డిస్కు తన హెడ్ కదలికకే ఊగి ఇంకా తప్పుతుందనేవాళ్లూ ఉన్నారు. నా మొగ్గు రెండోవాళ్ల వైపు. డిస్కును డబ్బాకు నాలుగు మరలతో గట్టిగా బిగించి, డబ్బా కింద మందపాటి రబ్బరు పెట్టి, ఆ డబ్బాను మగ్గాల గోడకు దూరంగా జరపాలి. అదురును పసిగట్టి సర్దుకునే సెన్సర్లున్న న్యాస్ డిస్కులు కొంత ఓర్చుకుంటాయి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి దానికి ఈ సమస్య లేదు.

నేల మీద పెడితే అదురు తగ్గుతుందని సర్వర్‌ను కింది అంతస్తుకు దించే ముందు 2006 ఆగస్టు గుర్తుంచుకోవాలి. ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన తాపీ నీళ్లు సూరత్‌లో చాలా భాగాన్ని ముంచాయి. పై అంతస్తులో, అదురు తక్కువున్న గోడ వైపు పెట్టడం మేలు. నూలు దుమ్ము డిస్కు లోపలికి పోదు, అది మూసి ఉంటుంది. కానీ ఫ్యాన్‌లనూ ఎస్ఎంపీఎస్‌నూ పూడుకుపోయేలా చేస్తుంది. వోల్టేజి పడిపోయే చోట బలహీనమైన ఎస్ఎంపీఎస్ డిస్కును మధ్యలో రీసెట్ చేస్తుంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 129 పదేపదే కనిపిస్తే యూపీఎస్, ఎస్ఎంపీఎస్ కూడా చూడాలి.

మిగిలినవి త్వరగా చెబుతాను. డిస్కు నిండేకొద్దీ డేటా లోపలి ట్రాకులకు వెళ్తుంది, అక్కడి వేగం బయటి ట్రాకుల్లో దాదాపు సగమే. కాబట్టి ఎప్పుడూ కొంత ఖాళీ ఉంచాలి. విండోస్ మామూలు అమరికలో 20 నిమిషాలు పని లేకపోతే డిస్కు ఆగిపోతుంది. భోజనం తర్వాత మొదటి ఫైలు మాత్రమే పది సెకన్లు తీసుకుంటే ఆ అమరిక మార్చితే చాలు. కొన్ని డిస్కులను కలిపి నడిపే రెయిడ్ 5లో ప్రతి చిన్న రాతకు రెండు చదువులు, రెండు రాతలు కావాలి. రెయిడ్ కార్డు మీది బ్యాటరీ చచ్చిపోతే రాతలు ఒక్కసారిగా నెమ్మదిస్తాయి. ఒక డిస్కు పోయిన రెయిడ్ నెమ్మదిగానే నడుస్తుంది, ఎవరూ చూడకపోతే రెండో డిస్కు పోయేదాకా అలాగే నడుస్తుంది. రెయిడ్ బ్యాకప్ కాదు.

అంతా కొలిచాక డిస్కు స్వభావమే అడ్డమని తేలితే ఎస్ఎస్‌డీ సరైన జవాబు. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ, పదుల వేల చిన్న పనులు చేస్తుంది. 80తో పోలిస్తే అది వేరే లోకం. అయితే అన్నింటికంటే చవకైనది కొనవద్దు. క్యూఎల్‌సీ రకం వాటిలో లోపలి వేగమైన భాగం నిండాక రాసే వేగం హార్డ్‌డిస్కు కంటే కిందికి పడిపోవచ్చు. టాలీ, ఈ నెల డిజైన్లు ఎస్ఎస్‌డీ మీద, పాతవన్నీ పెద్ద హార్డ్‌డిస్కు మీద, రెండింటి నకలు వేరే చోట. నా దృష్టిలో పది మంది లోపు ఆఫీసుకు ఇంతకంటే అవసరం లేదు.

ఇది చదివే ఉన్, లింబాయత్, సచిన్ మిత్రులకు ఒక్క విన్నపం. ఈ రోజు మీ సర్వర్ బాగానే నడుస్తున్నా స్మార్ట్ చిట్టా తెరిచి 5, 197, 198, 199 పక్కన ఉన్న అంకెలు తేదీతో సహా ఒక కాగితం మీద రాసి డబ్బా పక్కన అంటించండి. లింకు వేగం, మగ్గాలు ఆగినప్పటి డిస్కు వేగం కూడా అదే కాగితం మీద రాయండి. 197 ఇప్పటికే సున్నా దాటి ఉంటే ఏ మరమ్మతుకూ పూనుకోకుండా ముందు డేటా కాపీ చేయండి.